ఆర్కెన్‌షా వంశవృక్షంలో మూడు వారాలు

ఆ శనివారం పొద్దున విల్ఫ్ డాబ్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు చాపెల్ హాలుకు వెళ్లాలి, అక్కడ కార్యదర్శితో ఒకే ఒక్క మాట చెప్పాలి, పదకొండుకల్లా ఇంటికొచ్చి బఠాణీ తీగలకు పుల్లలు పాతాలి. డెబ్భై అయిదేళ్ల మనిషి. నలభై ఏళ్లు ఆ లోయలో ఉత్తరాలు పంచినవాడు. ఒక గుమ్మానికి వెళ్లి, ఇవ్వాల్సింది ఇచ్చి, ఆలస్యం చేయకుండా వెనక్కి రావడం అతనికి కొత్త కాదు. పెళ్లి సర్టిఫికెట్టూ నెల్లీ బాప్టిజం కాగితమూ కోటు జేబులో పెట్టుకుని, బూట్లు ఒకటికి రెండుసార్లు తుడుచుకుని బయలుదేరాడు.

చెప్పాల్సిన ఆ ఒక్క మాట ఏమిటంటే, తన భార్య మూడు వారాల వయసులో చనిపోలేదని.

నెల్లీ పోయి మూడేళ్లయింది. పోయేనాటికి ఆమెకు డెబ్భై నాలుగు. అందులో యాభై ఒక్కేళ్లు విల్ఫ్‌తో కాపురం చేసింది. ఆమె పుట్టింటి పేరు ఆర్కెన్‌షా. వాళ్ల ఊరి పేరూ అదే. పదకొండు ఇళ్లు, ఒక దుకాణం, ఒక చాపెల్ ఉన్న ఊరు. ఆ ఇంటిపేరు ఉన్నవాళ్లంతా ఎక్కడెక్కడి నుంచో కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం అచ్చువేసిన వంశవృక్షం కిందటి నెల ఊరి దుకాణంలో గోడకు వేలాడింది. విల్ఫ్ పాలసీసా చేత్తో పట్టుకుని దాన్ని చదివాడు. జోసయా, మార్తా దంపతుల కింద "ఎలెన్, 1938, మూడు వారాలకే మరణం" అని ఉంది. ఆ కింద ఖాళీ కాగితం. నెల్లీ అసలు పేరు ఎలెన్.

ఎక్కడ పొరపాటు జరిగిందో విల్ఫ్‌కు వెంటనే తెలిసింది. మొదటి ఎలెన్ నిజంగానే మూడు వారాలకు పోయింది. రెండేళ్లకు మళ్లీ ఆడపిల్ల పుడితే మార్తా ఆ పేరే పెట్టుకుంది. ఆ రోజుల్లో ఇంకా కొందరు అలా పెట్టేవాళ్లు. పేరు వృథా పోనివ్వడం ఇష్టం ఉండేది కాదు. సంఘం వాళ్లు ఒకే ఇంట్లో ఇద్దరు ఎలెన్‌లు కనబడేసరికి ఎవరో రెండుసార్లు రాశారనుకుని ఒకరిని కొట్టేశారు. కొట్టేసింది బతికినదాన్ని.

విల్ఫ్ ఉత్తరం రాశాడు. మర్యాదగానే జవాబు వచ్చింది. సవరణలు సభ్యులు మాత్రమే కోరవచ్చని, సభ్యత్వం పుట్టుకతో ఆర్కెన్‌షాలైనవారికి మాత్రమేనని, కనుక చింతిస్తున్నామని అందులో ఉంది. అది చదివి అతను మడిచి సొరుగులో పెట్టేశాడు. అంతలో ఈ ఏటి సభ ఆర్కెన్‌షా ఊళ్లోనే జరుగుతుందని తెలిసింది. సరే, ఉత్తరం వినిపించుకోనివాళ్లు మనిషి చెబితే వింటారులే అనుకున్నాడు.

హాలు గుమ్మంలో బల్ల వేసుకుని బెరిల్ అనే ఆవిడ కూర్చుంది. వచ్చినవాళ్లకు పేరు చీటీలు ఇవ్వడం ఆవిడ పని. చీటీల మీద ఆర్కెన్‌షా అని ముందే అచ్చయి ఉంది. ముందు పేరు మాత్రం చేత్తో రాస్తోంది.

"పేరు చెప్పండి."

"విల్ఫ్రెడ్. నేను కార్యదర్శి గారితో ఒక్క మాట..."

"విల్ఫ్రెడ్. బావుంది. ఏ ఊరి నుంచి?"

"ఏ ఊరూ కాదండీ, ఇక్కడే. చాపెల్ వెనక రెండో ఇల్లు."

బెరిల్ కలం కింద పెట్టింది. "ఇక్కడంటే, ఆర్కెన్‌షాలోనే ఉంటారా?"

"పుట్టింది కూడా ఇక్కడేనండీ."

బెరిల్ చీటీని అతని కోటుకు గుచ్చి, లోపలికి తిరిగి కేకేసింది. "సెడ్రిక్, ఊళ్లో మనవాళ్లు ఒకరు మిగిలే ఉన్నారు."

నిజం చెప్పడానికి అదే సరైన సమయమని విల్ఫ్‌కు తెలుసు. కానీ వెనకాల తొమ్మిది మంది వరుసలో నిలబడి ఉన్నారు. ఒకావిడ అప్పటికే గొంతు సవరించుకుంది. పుట్టి బుద్ధెరిగాక అతని మూలంగా ఏ వరుసా ఆగలేదు. తప్పుడు పేరు తగిలించుకోవడం దానికంటే చిన్న నేరమనిపించి పక్కకు జరిగాడు.

సంఘం కార్యదర్శి సెడ్రిక్ ఆర్కెన్‌షా సన్నగా పొడుగ్గా ఉండే మనిషి, ఉద్యోగంలో ఉండగా రైళ్ల వేళల పట్టికలు తయారుచేసేవాడు. ఈయన తయారుచేసిన వంశవృక్షం హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా పరుచుకుని ఉంది. ఆయన విల్ఫ్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు.

"మా పత్రికలో మూడుసార్లు రాశాను, ఊళ్లో ఒక్క ఆర్కెన్‌షా కూడా మిగల్లేదని. ఎంత పొరపాటు చేశానండీ. మీరు ఏ కొమ్మ?"

విల్ఫ్ కొమ్మ సంగతి మాట్లాడకుండా నేరుగా ఎలెన్ పేరు మీద వేలు పెట్టాడు. "నేను వచ్చింది ఈమె గురించి."

సెడ్రిక్ వంగి చూశాడు. "జోసయా, మార్తా. అంటే మీ అమ్మానాన్నలన్నమాట. ఈ పసిగుడ్డు పోయాక పుట్టారా మీరు?"

"కాదండీ. ఆమె పోలేదు."

సెడ్రిక్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. మెల్లగా, "అవును. కుటుంబంలో పోయినవాళ్లు ఎక్కడికీ పోరు" అన్నాడు. తర్వాత జేబులోంచి పెన్సిల్ తీసి, ఎలెన్ కింద ఒక గీత గీసి, చక్కటి అక్షరాలతో విల్ఫ్రెడ్ అని రాశాడు.

అలా విల్ఫ్ యాభై ఒక్కేళ్లు కాపురం చేసిన భార్యకు తమ్ముడైపోయాడు. నెల్లీ ఉంటే కుర్చీలోంచి జారిపడేలా నవ్వేది. ఆమె అతనికంటే నిజంగానే రెండేళ్లు పెద్ద. అతను టీ ఒలకబోసినా, దారి తప్పినా, నిచ్చెన మీద నుంచి రంగు డబ్బా పడేసినా ఒకటే మాట అనేది: "పోనీలే, పసివాడు." ఆ మాట విని మూడేళ్లయింది. గోడ ముందు నిలబడి అది గుర్తు చేసుకుంటున్నంతసేపట్లో సెడ్రిక్ వెళ్లి వేదిక ఎక్కేశాడు.

ఇక ఇంటిపేరు పుట్టుక గురించి ఉపన్యాసం మొదలైంది. వెయ్యేళ్ల కిందట ఆర్కిల్ అనే ఉత్తరదేశపు నార్స్ వాడొకడు ఓడ దిగి ఈ లోయకు వచ్చాడట. ఇక్కడి చిట్టడవి వాడిదైంది; పాత భాషలో 'షా' అంటే చిట్టడవి, దాంతో ఊరికి ఆర్కెన్‌షా అనే పేరు వచ్చింది.

"అయితే ఒకటి గుర్తుంచుకోవాలి" అన్నాడు సెడ్రిక్. "ఊళ్లో ఉన్నవాణ్ని ఊరి పేరుతో ఎవరూ పిలవరు. ఇక్కడున్నంతకాలం వాడు ఉత్త జాన్. వాడే హాలిఫాక్స్ సంతకు పోయి అక్కడ స్థిరపడితే, 'ఏ జాన్?' అంటే 'ఆర్కెన్‌షా జాన్' అంటారు. కాబట్టి మన పూర్వీకులందరూ ఊరు వదిలి వెళ్లినవాళ్లే."

నెల్లీకి ఇదంతా వాళ్ల తాత చెప్పాడు. మరి మీరు ఈ ఊళ్లోనే ఎందుకున్నారని విల్ఫ్ పెళ్లికి ముందొకసారి అడిగితే, "మావాళ్లు మూడు తరాలు ఊళ్లన్నీ తిరిగారు. ఎక్కడా టీ బాగా పెట్టడం లేదని వెనక్కొచ్చారు" అంది. వాన పడుతోంది అప్పుడు. బస్సు షెల్టరులో ఇద్దరే ఉన్నారు. ఆ జవాబు విన్నాకే విల్ఫ్ ఈ పిల్లనే చేసుకోవాలని నిశ్చయించుకున్నాడు.

టీ విరామంలో కెనడా నుంచి వచ్చిన లోర్నా అనే ఆవిడ ఒక పాత ఫోటో పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది. అందులో నల్లకోటు వేసుకున్న ముసలాయన ఉన్నాడు. లోర్నా ఫోటోనీ విల్ఫ్‌నీ మార్చి మార్చి చూసింది.

"ముక్కు" అంది. "మా ముత్తాత ముక్కు. మీరు కాస్త పక్కకి తిరుగుతారా?"

విల్ఫ్ తిరిగాడు. ఆ ముక్కు అతనికి తల్లివైపు నుంచి వచ్చింది. ఆవిడ వెల్ష్ మనిషి. అయినా చుట్టూ చేరినవాళ్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు. డాంకాస్టర్ నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు తమ ముక్కులు కూడా అదే తీరని తేల్చుకున్నారు. బాగా చప్పిడి ముక్కు ఉన్న ఒకాయన తన చిన్నప్పుడు అలాగే ఉండేదని చెప్పాడు. ముక్కుతో ఫోటో దిగడానికి వరుస కట్టారు. వరుస అనేసరికి విల్ఫ్ మళ్లీ నోరు మూసుకున్నాడు.

"ఇప్పుడు విల్ఫ్రెడ్ గారు చిన్నప్పటి ఇంటి గురించి నాలుగు మాటలు చెబుతారు" అని సెడ్రిక్ వేదిక మీద నుంచి ప్రకటించాడు.

చాపెల్ హాల్లో నిలబడి అబద్ధం చెప్పడం విల్ఫ్ వల్ల కాదు. అదే హాల్లో అతను బైబిలు పాఠాలు నేర్చుకున్నాడు, అదే హాల్లో పెళ్లి విందు పెట్టాడు. కాబట్టి నిజమే చెప్పాడు. ఆ ఇల్లు ఎవరిదో మాత్రం చెప్పలేదు.

"వంటింటి నేల వాలుగా ఉండేది" అన్నాడు. "బల్ల మీంచి బఠాణీ జారిపడితే ఎప్పుడూ దొర్లుకుంటూ పోయి జోసయా గారి బూట్ల దగ్గరే ఆగేది. ఆయన దాన్ని తీసి ఊది తినేసేవారు. పొయ్యి పైన దండెం కట్టి ఓట్స్ రొట్టెలు ఆరేసేవాళ్లు. ఒక బాతు ఉండేది, దానికి పాస్టరు గారి పేరు పెట్టారు. పాస్టరు గారు ఇంటికొచ్చినప్పుడు దాన్ని పిలవకుండా అందరూ నోరు కట్టుకుని కూర్చునేవాళ్లు. ఆయన వెళ్లేదాకా ఆ బాతుకి తిండి ఉండేది కాదు."

అందరూ నవ్వారు. అతను చెబుతూ పోయాడు. యాభై ఒక్కేళ్లలో నెల్లీ ఒక్కొక్కటీ పదేసిసార్లు చెప్పిన కబుర్లు అవి. చెబుతున్నది అతనైనా చెవిలో ఆమె గొంతే వినిపిస్తోంది. అతనికి చాలా సంతోషమూ చాలా బెంగా ఒక్కసారే కలిగాయి. కూర్చునేసరికి ముందు వరుసలో లోర్నా కళ్లు తుడుచుకుంటోంది.

బెరిల్ లేచి నిలబడింది. "విల్ఫ్రెడ్ గారిని సంఘానికి అధ్యక్షులుగా ప్రతిపాదిస్తున్నాను."

"బలపరుస్తున్నాను" అన్నాడు చప్పిడి ముక్కాయన.

వద్దని చెప్పడానికి విల్ఫ్ గబుక్కున చెయ్యెత్తాడు. బెరిల్ ఆ చేతిని కూడా లెక్కపెట్టింది. "నలభై మూడుకి నలభై మూడు. ఏకగ్రీవం." సెడ్రిక్ మినిట్స్ పుస్తకంలో రాసి, కింద గీత గీసి, అద్దుడు కాగితం ఒత్తాడు. ఆ దేశంలో ఒక సంగతి మినిట్స్‌లోకి ఎక్కాక దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు.

కొత్త అధ్యక్షుడి మొదటి పని పూర్వీకుల సమాధుల దగ్గర పూలు పెట్టడం. విల్ఫ్ చేతికి లైలాక్ గుత్తి ఇచ్చి, నలభై రెండు మంది అతని వెనకాల ఇద్దరిద్దరుగా చాపెల్ చుట్టూ నడిచారు. ఎక్కడికి వెళ్లాలో ఎవరూ అతనికి చెప్పలేదు. కాళ్లు ప్రతి ఆదివారం వెళ్లే చోటికే అతన్ని తీసుకెళ్లాయి.

అక్కడ అతని చిన్ననాటి స్నేహితుడు ఎర్నీ క్లెగ్ గడ్డి కోస్తున్నాడు. ఎర్నీ మిషను ఆపి, టోపీ వెనక్కి నెట్టి, ఆ బారును తలనుంచి తోకదాకా చూశాడు.

"ఏరా విల్ఫ్ డాబ్సన్, పొద్దున్నే బఠాణీలకి పుల్లలు పాతుతానంటివి. నెల్లీకి పూలు తేవాలంటే ఇంతమంది కావాలట్రా?"

లోర్నా, "డాబ్సన్ ఎవరు?" అని అడిగింది.

విల్ఫ్ పూలు కింద పెట్టాడు. కోటుకున్న చీటీ విప్పి బెరిల్ చేతికిచ్చాడు. అతని ముందు రెండు రాళ్లు పక్కపక్కనే ఉన్నాయి. చిన్నదాని మీద ఎలెన్ ఆర్కెన్‌షా, 1938 అని ఉంది. పెద్దదాని మీద ఎలెన్ డాబ్సన్, 1940–2014, విల్ఫ్రెడ్ డాబ్సన్ ప్రియ భార్య అని ఉంది. దాని కింద అతని కోసం ఖాళీ ఉంచారు.

"నేను మీవాణ్ని కాదు. పొద్దున్నుంచీ చెబుదామనే చూస్తున్నా" అన్నాడు. "నేను చెప్పిన ఇల్లు ఈమెది. ఈమెకి నాలుగేళ్లప్పుడు, అక్షరాలు కొత్తగా వచ్చిన రోజుల్లో, వాళ్లమ్మతో ఇక్కడికొచ్చి ఈ చిన్న రాయి చదివింది. 'అమ్మా, నేనిక్కడున్నానా?' అని అడిగింది. వాళ్లమ్మ ఇంటికి తీసుకెళ్లి, యుద్ధమని దాచిపెట్టుకున్న తేనె అంతా రొట్టె మీద రాసి పెట్టేసింది. నెల్లీ ఈ సంగతి జీవితమంతా నవ్వుతూనే చెప్పేది. కానీ రాత్రిళ్లు ఒక్కోసారి లేచి, ఇక్కడే ఉన్నానా అని నన్ను అడిగేది. ఉన్నావని చెప్పేవాణ్ని. ఇప్పుడు మీ గోడ మీద చూస్తే లేదు. నాకది కష్టంగా ఉంది. అంతే."

సెడ్రిక్ ముఖం తెల్లగా పాలిపోయింది. రాళ్ల దగ్గరికి వచ్చి కళ్లద్దాలు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "నేను ఇక్కడికి రెండుసార్లు వచ్చాను" అన్నాడు. "ఆర్కెన్‌షా అని ఉన్న ప్రతి రాయీ రాసుకున్నాను. పక్క రాయి మీద డాబ్సన్ అని ఉంటే చదవలేదు." అంతకంటే దిగులుగా, "పైగా మనం డాబ్సన్‌ని అధ్యక్షుణ్ని చేశాం" అన్నాడు.

"తీసెయ్యండి" అంది బెరిల్.

"ఎలా తీస్తాం? ఇరవై ఒక్క రోజుల ముందు నోటీసివ్వాలి."

"డాబ్సన్లు ఈ ఊళ్లో నాలుగొందల ఏళ్లుగా ఉన్నారమ్మా" అన్నాడు ఎర్నీ, ఎవరూ అడక్కుండానే. "ఒక్కడూ లోయ దాటలేదు. దాటి ఉంటే వీడిదీ మీ ఇంటిపేరే అయ్యుండేది."

అది విని చప్పిడి ముక్కాయన ఆలోచనలో పడ్డాడు. లోర్నా మాత్రం సెడ్రిక్ వైపు తిరిగింది. "సవరణ కావాలంటే సభ్యులు అడగాలన్నారు కదా. మరి అధ్యక్షులైతే?"

సెడ్రిక్ రైళ్ల వేళలు గుర్తు చేసుకుంటున్నంత సేపు ఆలోచించాడు. "అధ్యక్షులు అడగనక్కర్లేదు" అన్నాడు చివరికి. "ఆయన చెబితే నేను రాయాలి. పద్నాలుగో నియమం."

అందరూ హాల్లోకి తిరిగొచ్చారు. సెడ్రిక్ పెన్సిల్ ఇచ్చి, "మీరే రాయండి" అన్నాడు. వంశవృక్షంలో ఏదీ చెరపకూడదని, బాణం గుర్తులతోనే సరిదిద్దాలని సంఘం నియమం. విల్ఫ్ నెల్లీ పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, పెళ్లైన తేదీ, భర్తగా తన పేరు, ఆర్కెన్‌షాలోనే నివాసమని, అన్నీ రాశాడు. మూడు వారాల మాట మొదటి ఎలెన్‌దని చూపించడానికి ఒక బాణం కూడా గీశాడు. అప్పటికి చెయ్యి వణుకుతోంది, కళ్లు సరిగా కనబడటం లేదు. పొద్దున సెడ్రిక్ రాసిన విల్ఫ్రెడ్ పేరు చూపించి, "మరి ఈ తమ్ముడి సంగతి?" అని అడిగాడు.

"అది నేను చూసుకుంటాను" అన్నాడు సెడ్రిక్.

విల్ఫ్ అక్కడికక్కడే రాజీనామా చేశాడు. బెరిల్ ప్రతిపాదించింది, లోర్నా బలపరిచింది, విచారంతో ఆమోదించినట్టు మినిట్స్‌లో రాశారు. అతను ఇల్లు చేరేసరికి సాయంత్రం అయిదైంది. బఠాణీ తీగలు మట్టిలోనే పడుకుని ఉన్నాయి.

ఫిబ్రవరిలో కొత్త వంశవృక్షం పోస్టులో వచ్చింది. విల్ఫ్ దాన్ని వంటింటి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా కప్పులు పెట్టాడు. జోసయా, మార్తాల కింద మొదటి ఎలెన్ తేదీలు సరిగా ఉన్నాయి. పక్కన నల్లటి చక్కటి అక్షరాల్లో నెల్లీ ఉంది. పుట్టింది, పెళ్లి చేసుకుంది, డెబ్భై నాలుగేళ్లు బతికింది, ఊళ్లోనే ఉంది. విల్ఫ్ ఆ పంక్తిని మూడుసార్లు చదివాడు. నాలుగోసారి వేలితో తడిమాడు.

ఆ తర్వాత ఆ వేలు ఇంకాస్త కిందికి జరిగింది. అతని బాణం వణికి ఎటు తిరిగిందో అచ్చువేసినవాడు అటే నమ్మినట్టున్నాడు. నెల్లీ కింద మరో పంక్తి ఉంది: "విల్ఫ్రెడ్, తమ్ముడు, మూడు వారాలకే మరణం."

విల్ఫ్ కాగితమూ కలమూ తెచ్చుకున్నాడు. "అయ్యా" అని రాశాడు. అక్కడ ఆగాడు. ఆ మూడు వారాలూ డెబ్భై నాలుగేళ్లు నెల్లీ ఒక్కతే మోసింది. ఇప్పుడు అవి తన పేరు మీదికి వచ్చాయి. అతనికి అది బరువుగా ఏమీ అనిపించలేదు. మనసులో ఒక మూల కొంచెం తేలికపడింది కూడా. పైగా ఆమె పక్కనే, ఒకే కొమ్మ మీద, ఒకసారి మొగుడిగా ఒకసారి తమ్ముడిగా రెండుసార్లు ఉన్నాడు. గోడ మీద ఫోటోలో నెల్లీ ఏమంటుందో అతనికి తెలుసు.

ఉత్తరం చింపి పొయ్యిలో వేసి, మూడు వారాలకే పోయిన పసివాడు లేచి టీకి నీళ్లు పెట్టుకున్నాడు.